కూలింగ్ టవర్ నీటి వ్యవస్థను సురక్షితంగా స్టార్ట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్టరీలో వేడెక్కిన నీటిని గాలితో చల్లబరిచేది కూలింగ్ టవర్. షట్‌డౌన్ ముగిసిన ప్రతిసారీ, కొత్త టవర్ చేతికొచ్చిన ప్రతిసారీ ఆపరేటర్లు, షిఫ్టు ఇంజినీర్లు, నీటి కెమికల్స్ చూసేవాళ్లు దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి అంకెలు నీరు గాలికి తగులుతూ తిరిగే ఓపెన్ టవర్లకు సంబంధించినవి. టవర్ తయారీదారు మాన్యువల్ ఇంకోలా చెబితే మాన్యువల్ మాటే వినండి.

## నీళ్లు నింపకముందు

టవర్ కొన్నాళ్లు ఆగింది, అంతే కదా. పంపు వేసి వదిలేస్తే సరిపోదా?

సరిపోదు. నీరు ఆగిన కొద్ది రోజులకే అందులో మిగిలిన క్లోరిన్ ఖర్చయిపోతుంది. బేసిన్ (టవర్ కింద నీరు చేరే తొట్టి) అడుగు బురద, ఫిల్ (నీరు పలచగా జారే ప్లాస్టిక్ రేకుల పొర) మీద పేరుకున్న జిగురు, పైపుల చివర కదలని నీరు, ఇవన్నీ లెజియోనెల్లా అనే బాక్టీరియాకు నచ్చే చోట్లు. అది సుమారు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య పెరుగుతుంది, 35 దగ్గర మరీ జోరుగా. టవర్ నీళ్లు మామూలుగా ఉండేదే ఆ వేడిలో. ఇక ఫ్యాన్ వేశామంటే ఆ నీరు సన్నటి తుంపరై గాలిలో కలుస్తుంది. దాన్ని పీల్చినవాళ్లకు తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశం తర్వాత ఈ జబ్బు మొదటిసారి ప్రపంచం దృష్టికి వచ్చింది, బాక్టీరియాను గుర్తించింది 1977లో. వ్యవస్థ ఎంత పెద్దదైనా వరస ఒక్కటే: శుభ్రం చేయాలి, క్లోరిన్ పట్టించాలి, ఆ తర్వాతే ఫ్యాన్.

ఎన్ని రోజులు ఆగితే ఇంత తతంగం అవసరం?

మూడు రోజులు దాటి నీరు కదలకుండా ఉంటే నేను మామూలు స్టార్టప్‌గా చూడను. కనీసం బయోసైడ్ (క్రిములను చంపే మందు) వేసి, ఫ్యాన్లు ఆపి, నీటిని తిప్పి, క్లోరిన్ నిలుస్తోందో లేదో చూస్తాను. నెల దాటితే పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, కొత్త నీటితో మొదలుపెట్టడమే. పొడిగా ఆగి ఉన్న టవర్‌ను కూడా నమ్మొద్దు. ఆరిపోయిన బురద పొడిగా మారి మొదటి నీటితోనే లైన్లలోకి వెళ్తుంది.

బేసిన్‌లోకి మనిషి దిగేముందు ఏమేం ఆపాలి?

ఫ్యాన్ మోటారు, సర్క్యులేషన్ పంపు, కెమికల్ డోసింగ్ పంపులు, మేకప్ నీటి (తగ్గిన నీటిని భర్తీ చేసే కొత్త నీటి) వాల్వు. నాలుగింటికీ తాళం వేసి ట్యాగ్ పెట్టాలి. చాలామంది మొదటి రెండింటితో ఆపేస్తారు. మనిషి లోపల ఉండగా కంట్రోలర్ తనంతట తాను యాసిడ్ పంపు నడిపిందంటే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. ఫ్యాన్‌కు కరెంటు తీసేసినా గాలికి రెక్కలు తిరుగుతాయి, అందుకని రెక్కను కదలకుండా కట్టాలి.

సంప్ గుంత, మూత ఉన్న బేసిన్, పెద్ద పైపు లోపలి భాగం కన్‌ఫైన్డ్ స్పేస్ (గాలి సరిగా ఆడని ఇరుకు చోటు) కిందకే వస్తాయి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందో లేదో కొలిచి, బయట ఒక మనిషిని కాపలా ఉంచి, పర్మిట్ రాశాకే దిగాలి. "రెండు నిమిషాల పనే సార్" అన్న మాటకు పర్మిట్ మాఫీ కాదు.

కడిగేటప్పుడు ఏ మాస్కు పెట్టుకోవాలి? మామూలు గుడ్డ మాస్కు చాలదా?

చాలదు, సర్జికల్ మాస్కు కూడా చాలదు. తుంపర లేచే పనికి కనీసం ఎన్‌95, ప్రెషర్ జెట్‌తో కడిగేటప్పుడు పీ100 ఫిల్టర్ ఉన్న హాఫ్ ఫేస్ మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు కావాలి. ఈ జెట్టే అసలు ప్రమాదం. 2003 చివర్లో ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక పెట్రోకెమికల్ ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ల నుంచి లెజియోనెల్లా చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. 86 మంది జబ్బుపడ్డారు, 18 మంది చనిపోయారు. టవర్‌ను ఎక్కువ ప్రెషర్‌తో కడిగిన పని కూడా వ్యాప్తికి దోహదపడిందని దర్యాప్తులో తేలింది. కాబట్టి ముందు బయోసైడ్ వేసిన నీటిని తిప్పి, ఆ తర్వాతే జెట్ పట్టండి. వీలున్నచోట తక్కువ ప్రెషర్‌తో, బ్రష్‌తో పని కానివ్వండి.

మెకానికల్ వైపు ఏం చూడాలి?

గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం, ఆయిల్‌లో నీరు చేరి పాలలా మారిందా అన్నది. బెల్టు ఉంటే బిగువు, షాఫ్టు ఉంటే కప్లింగ్ బోల్టులు. రెక్కలన్నీ ఒకే కోణంలో ఉన్నాయా. వైబ్రేషన్ స్విచ్‌ను చేత్తో ట్రిప్ చేసి మోటారు ఆగుతోందో లేదో చూడాలి. ఇది మాత్రం అందరూ వదిలేస్తారు, రెక్క విరిగిన రోజున గుర్తొస్తుంది.

నీటి వైపు వస్తే నాజిళ్లు ఊడిపోలేదని, డ్రిఫ్ట్ ఎలిమినేటర్ల (తుంపర బయటికి పోకుండా ఆపే పలకల) మధ్య సందులు లేవని, ఫ్లోట్ వాల్వు ఇరుక్కోలేదని, ఓవర్‌ఫ్లో పైపు మూసుకుపోలేదని, బేసిన్ స్ట్రైనర్ తన చోట కూర్చుందని చూడండి. ఎలిమినేటర్లను తీసి పక్కన పెట్టి మళ్లీ అమర్చినప్పుడు చేతివెడల్పు సందు మిగిలినా తుంపర అంతా అక్కడినుంచే పోతుంది.

ఫిల్ మొత్తం బయటికి తీసి కడగాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. ఒకటి రెండు బ్లాకులు తీసి బరువు చూడండి. కొత్తదానికంటే బాగా బరువెక్కితే లోపల మట్టి, స్కేల్ (నీటిలోని లవణాల గట్టి పొర) పట్టినట్టే.

## నింపడం, ఫ్లషింగ్

బేసిన్ ఎంతవరకు నింపాలి? పంపు వేయగానే మట్టం పడిపోతోంది.

పడిపోవడం మామూలే. పంపు మొదలవగానే రైజర్, హెడర్, పైన డిస్ట్రిబ్యూషన్ ట్రేలు, ఫిల్ మీదుగా జారే నీరు, అన్నిటికీ బేసిన్ నీరే వెళ్తుంది. అందుకని స్టార్టప్‌కు నడిచే మట్టం కంటే పైకి, ఓవర్‌ఫ్లో అంచుకు కొంచెం కిందివరకు నింపుతారు. మట్టం మరీ పడితే సక్షన్ దగ్గర సుడి తిరిగి గాలి పంపులోకి వెళ్తుంది. పంపు ఆపినప్పుడు దీనికి ఉల్టా: పైనున్న నీరంతా ఒక్కసారి కిందికి దిగి ఓవర్‌ఫ్లో అవుతుంది. ఫ్లోట్ వాల్వును ఆగిన మట్టానికి కాకుండా నడుస్తున్న మట్టానికే సెట్ చేయాలి.

నింపేటప్పుడే మీటర్ రీడింగ్ ఎందుకు రాసుకోమంటారు?

వ్యవస్థలో మొత్తం నీరెంతో తెలుసుకోవడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు. కెమికల్ లెక్కలన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి. బేసిన్ కొలతలతో లెక్కవేసేవాళ్లు పైపుల్లో, ఎక్స్‌ఛేంజర్లలో (ఫ్యాక్టరీ వేడి ఈ నీటిలోకి చేరే పరికరాల్లో) ఉన్న నీటిని మర్చిపోతారు.

కొత్త పైపులైన్. నీటిని నేరుగా ఎక్స్‌ఛేంజర్లలోకి పంపొచ్చా?

పంపొద్దు. వెల్డింగ్ ముక్కలు, ఇసుక, గ్రీజు, గుడ్డపీలికలు, ఒక్కోసారి గ్లౌజులు కూడా కొత్త లైన్లో దొరుకుతాయి. ఎక్స్‌ఛేంజర్ ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్య బైపాస్ పెట్టి, పంపు సక్షన్లో తాత్కాలిక స్ట్రైనర్ వేసి, వీలైనంత ఎక్కువ వేగంతో నీటిని తిప్పాలి. నెమ్మదిగా పారే నీరు చెత్తను కదిలించదు. స్ట్రైనర్‌కు రెండు వైపులా ప్రెషర్ గేజ్ ఉంటే ఎప్పుడు తీసి కడగాలో అదే చెబుతుంది. పైన నాజిళ్లు మూసుకుపోకుండా ఫ్లషింగ్ నీటిని టవర్ పైకి ఎక్కించకుండా నేరుగా బేసిన్‌కు తిప్పగలిగితే ఇంకా మంచిది.

ఫ్లషింగ్ ఇక చాలని ఎలా తెలుస్తుంది?

స్ట్రైనర్‌లో చెత్త పడటం ఆగాలి. తిరుగుతున్న నీటి మురికితనం, ఇనుము శాతం మేకప్ నీటికి దగ్గరగా రావాలి. ఎర్రనీళ్లు ఇంకా వస్తుంటే ముగిసినట్టు కాదు. ఫ్లషింగ్ నీటిని చివరికంటా బేసిన్ అడుగు డ్రెయిన్ నుంచే వదలండి. ఓవర్‌ఫ్లో నుంచి వదిలితే మట్టి లోపలే ఉండిపోతుంది.

పంపును ఎలా స్టార్ట్ చేస్తే లైన్లో దెబ్బ కొట్టదు?

ముందు లైన్లను నెమ్మదిగా నింపి, ఎత్తులో ఉన్న వెంట్లన్నీ తెరిచి గాలి పోనివ్వండి. సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచి, పంపు కేసింగ్ నిండా నీరుందని చూసుకుని, డిశ్చార్జ్ వాల్వు కొద్దిగా తెరిచి స్టార్ట్ చేసి, ప్రెషర్ నిలబడ్డాక నెమ్మదిగా పూర్తిగా తెరవాలి. ఖాళీ పైపులోకి పంపు ఒక్కసారిగా నీరు తోస్తే ముందున్న గాలి నలిగి, నీరు మలుపు దగ్గర సుత్తిలా కొడుతుంది. ఫ్లాంజీలు లీకవడం అక్కడే మొదలవుతుంది.

పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్టు శబ్దం వస్తోంది. కాసేపటికి సర్దుకుంటుందా?

సర్దుకుంటుందని ఆశపడొద్దు. సక్షన్ స్ట్రైనర్ మూసుకుపోవడం, బేసిన్ మట్టం తక్కువ కావడం, గాలి లాగడం, ఈ మూడింటిలో ఒకటి అయ్యుంటుంది. పంపు ఆపి చూడండి. కావిటేషన్‌లో (నీటిలో బుడగలు పుట్టి పగిలే స్థితిలో) నడిపితే ఇంపెల్లర్ (పంపు లోపలి చక్రం) అరిగిపోతుంది.

## క్లోరిన్ పట్టించడం

ఎంత క్లోరిన్, ఎంతసేపు?

వాడుకలో ఉన్న పద్ధతి: నీటిలో ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చవకుండా మిగిలిన క్లోరిన్) కనీసం 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు), 6 గంటలపాటు, పంపు నడుస్తూ, ఫ్యాన్లు ఆపి. ఆ 6 గంటలూ 5కు తగ్గకూడదన్నది అసలు షరతు. మొదట్లో ఒకసారి 5 చూపించి తర్వాత సున్నాకు పడితే లెక్కలోకి రాదు. అరగంటకోసారి టెస్ట్ చేసి, తగ్గినంత మళ్లీ వేయాలి. బయోడిస్పర్సెంట్ కూడా కలిపితే జిగురు పొర విడిపోయి క్లోరిన్ లోపలికి చేరుతుంది. నురగ వస్తుంది, యాంటీఫోమ్ దగ్గర పెట్టుకోండి.

నీరు తిరగని చోటికి క్లోరిన్ కూడా చేరదు. స్టాండ్‌బై పంపు, స్టాండ్‌బై ఎక్స్‌ఛేంజర్, బైపాస్ లైన్లు, రెండు సెల్స్‌ను (టవర్ విభాగాలను) కలిపే ఈక్వలైజర్ లైను, అన్నిటినీ వంతులవారీగా తెరిచి కాసేపు నడపాలి. నా అనుభవంలో టవర్ ఎంత శుభ్రంగా ఉన్నా రెండో వారంలో బాక్టీరియా కౌంట్ మళ్లీ పెరిగిందంటే కారణం ఎక్కువగా ఇలాంటి మూలల్లోనే దొరుకుతుంది. 6 గంటలయ్యాక నీటిని ఖాళీ చేసి, అడుగున చేరిన మడ్డి తీసి, తాజా నీటితో నింపాలి.

హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) ఎన్ని లీటర్లు పోయాలో లెక్క చెప్పండి.

వ్యవస్థలో 200 క్యూబిక్ మీటర్ల నీరుందనుకుందాం. 5 పీపీఎం అంటే క్యూబిక్ మీటరుకు 5 గ్రాములు, మొత్తం 1000 గ్రాముల క్లోరిన్. 10 శాతం హైపో లీటరులో సుమారు 100 గ్రాములుంటుంది కాబట్టి 10 లీటర్లు. ఇది శుభ్రమైన నీటి లెక్క. మురికి, నాచు, అమ్మోనియా ఉంటే అవే ముందు క్లోరిన్ తినేస్తాయి, దీనికి రెట్టింపు పైనే పట్టొచ్చు. హైపో నిల్వలో, ముఖ్యంగా ఎండలో, బలం కోల్పోతుంది. డబ్బా మీద 10 శాతం అని ఉందని నమ్మేయకుండా టెస్ట్ చేయించండి.

పీహెచ్ 8.5 ఉంది. క్లోరిన్ పనిచేస్తుందా?

చాలా మందకొడిగా. క్రిములను చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో సుమారు సగం ఆ రూపంలో ఉంటుంది, 8.5 దగ్గర పదో వంతుకు పడిపోతుంది. టెస్ట్ కిట్ ఈ ఆమ్లాన్ని, మిగతా బలహీనమైన హైపోక్లోరైట్ రూపాన్ని కలిపే చూపిస్తుంది, అందుకే అంకె బాగున్నా పని జరగదు. క్లోరిన్ పట్టించే ముందు పీహెచ్‌ను 8 లోపు, వీలైతే 7.5 దగ్గరకు తేవాలి. అలా తగ్గించడం కుదరనిచోట బ్రోమిన్ వాడతారు, ఎక్కువ పీహెచ్‌లో అది మెరుగ్గా పనిచేస్తుంది.

ఎంతో హైపో పోశాం, టెస్ట్‌లో రంగే రావట్లేదు!

రెండు కారణాలు. నీటిలో మురికి ఎక్కువై క్లోరిన్ మొత్తం ఖర్చవుతూ ఉండొచ్చు. లేదా క్లోరిన్ మరీ ఎక్కువై డీపీడీ (క్లోరిన్ తగిలితే గులాబీ రంగు వచ్చే టెస్ట్ మందు) రంగునే తెల్లబరుస్తూ ఉండొచ్చు. టెన్షన్ పడి ఇంకో డ్రమ్ము పోసే ముందు శాంపిల్‌ను క్లోరిన్ లేని నీటితో పది రెట్లు పలచన చేసి మళ్లీ చూడండి. ఇప్పుడు గులాబీ రంగు వస్తే అసలు విలువ ఆ రీడింగ్‌కు పది రెట్లు.

ఒకే డ్రమ్ములో యాసిడ్, హైపో కలిపి పోస్తే పని తొందరగా అవుతుంది కదా?

ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మనుషులు చచ్చిపోతారు. ఒకే మగ్గు, ఒకే పైపు, ఒకే డోసింగ్ పంపు కూడా వద్దు. బేసిన్‌లో వేర్వేరు చోట్ల, నీరు బాగా కదులుతున్నప్పుడు, ఒకటి కలిసిపోయాక రెండోది వేయాలి. పొడి రూపంలో ఉండే కాల్షియం హైపోక్లోరైట్‌ను, టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసైనూరిక్ ఆమ్లం, ఇంకో రకం క్లోరిన్ మందు) బిళ్లలను కూడా ఒకదానితో ఒకటి తగలనివ్వొద్దు. ఆ జత పేలిపోగలదు. యాసిడ్‌ను పలచన చేయాల్సి వస్తే నీటిలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీరు కాదు. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, కాబట్టి ఐవాష్‌లో నీళ్లొస్తున్నాయో లేదో పని మొదలుపెట్టేముందే తిప్పి చూడండి.

అంత క్లోరిన్‌కు రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు పాడవవా?

కొన్ని గంటలకు పెద్ద నష్టం ఉండదు. గంటలు రోజులైతేనే ప్రమాదం, ముఖ్యంగా క్లోరైడ్లు ఎక్కువున్న నీటిలో స్టెయిన్‌లెస్‌కు గుంతలు పడతాయి.

క్లోరిన్ నీటిని డ్రెయిన్‌లోకి వదిలేయొచ్చా?

అలాగే వదలొద్దు. సోడియం బైసల్ఫైట్‌తో క్లోరిన్‌ను విరిచి, టెస్ట్‌లో సున్నాకు వచ్చాక, మీకున్న డిశ్చార్జ్ అనుమతి ప్రకారం వదలాలి. ఒక కిలో క్లోరిన్‌కు సుమారు కిలోన్నర బైసల్ఫైట్ పడుతుంది. బయలాజికల్ ట్రీట్‌మెంట్ ప్లాంటుకు పంపేవాళ్లు ముందే ఆ షిఫ్టుకు ఫోన్ చేయండి, లేకపోతే వాళ్ల బాక్టీరియా కూడా పోతుంది.

## ఫ్యాన్లు, లోడు

ఫ్యాన్ ముందా, పంపు ముందా?

పంపే ముందు. నీరు అన్ని నాజిళ్ల నుంచి సమానంగా పడుతోందని చూసి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగిందని టెస్ట్ చేసి, ఆ తర్వాత వేడి లోడు ఇవ్వండి. నీటి ఉష్ణోగ్రత పెరగడం మొదలయ్యాక ఫ్యాన్. ఎక్స్‌ఛేంజర్లు నడిపేవాళ్లు "చల్లనీళ్లు ఎప్పుడిస్తారు" అని వెంటపడతారు, అదే అసలు ఒత్తిడి. క్లోరిన్ పట్టించే 6 గంటలను స్టార్టప్ షెడ్యూల్‌లో ముందే రాసిపెడితే ఆ గొడవ ఉండదు.

ఫ్యాన్ సరైన వైపే తిరుగుతోందని ఎలా తెలుసుకోవాలి?

మోటారును క్షణకాలం జర్క్ ఇచ్చి ఆపి, తిరిగే వైపును ఫ్యాన్ మీది బాణంతో పోల్చండి. మోటారు మార్చినా, కేబుల్ విప్పి కట్టినా ఇది తప్పనిసరి. రెక్కలు అప్పటికే గాలికి ఉల్టా తిరుగుతుంటే పూర్తిగా ఆగాకే స్టార్ట్ చేయాలి. పదేపదే స్టార్ట్, స్టాప్ చేస్తే మోటారు వైండింగ్ వేడెక్కి కాలుతుంది. గంటకు నాలుగైదు సార్లకు మించనివ్వొద్దు.

వేడి నీరు ఒక్కసారిగా టవర్ మీదకు వస్తే ఏమవుతుంది?

మామూలు పీవీసీ ఫిల్ 50 డిగ్రీలు దాటిన నీటిలో మెత్తబడి వాలిపోతుంది. ఒకసారి వాలితే మళ్లీ నిలబడదు. లోడును మెట్లు మెట్లుగా పెంచండి.

నీరు గడ్డకట్టేంత చలిలో స్టార్ట్ చేయాలంటే?

ఫ్యాన్ జోలికి పోకుండా నీటిని నేరుగా బేసిన్‌కు బైపాస్ చేసి, లోడుతో వేడెక్కాక టవర్ మీదకు ఎక్కించండి. చల్లటి నీటిని తక్కువ ఫ్లోతో ఫిల్ మీద వదిలితే మంచు కట్టి ఫిల్ బరువుకు కూలుతుంది.

## మొదటి వారాలు

పాసివేషన్ (లోహం మీద తుప్పు ఆపే పొర కట్టించడం) ముందా, క్లోరిన్ పట్టించడం ముందా?

క్లోరిన్ ముందు. ఎక్కువ క్లోరిన్ అజోల్ లాంటి ఇన్‌హిబిటర్లను (తుప్పు ఆపే మందులను) పాడుచేస్తుంది, కాబట్టి పాసివేషన్ ముందు చేస్తే డబ్బు దండగ. క్లోరిన్ నీటిని వదిలేసి తాజా నీరు నింపిన వెంటనే ఇన్‌హిబిటర్‌ను మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు వేసి, వేడి లోడు లేకుండా ఒకటి నుంచి మూడు రోజులు తిప్పుతారు. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. కడిగిన ఇనుము గంటల్లోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.

గాల్వనైజ్డ్ టవర్ మీద తెల్లటి పొడిలా వస్తోంది. స్కేలా?

తెల్ల తుప్పు అయ్యుండొచ్చు. కొత్త జింక్ పూత గట్టిపడకముందే నీటి పీహెచ్ 8 దాటితే ఇలా వస్తుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పీహెచ్‌ను 7, 8 మధ్య ఉంచితే పూత మసక బూడిద రంగుకు మారి గట్టిపడుతుంది.

బ్లోడౌన్ (లవణాలు చిక్కబడ్డ నీటిని కొంత బయటికి వదిలే లైను) ఎప్పుడు తెరవాలి?

మొదట మూసే ఉంచాలి, ఎందుకంటే నీరింకా చిక్కబడలేదు. గంటకు 1000 క్యూబిక్ మీటర్లు తిరుగుతూ 10 డిగ్రీలు చల్లబడే టవర్‌లో గంటకు సుమారు 15 క్యూబిక్ మీటర్లు ఆవిరవుతాయి. వ్యవస్థలో 200 క్యూబిక్ మీటర్ల నీరుంటే నాలుగు సైకిల్స్‌కు (లవణాలు మేకప్ నీటికి నాలుగు రెట్లు చిక్కబడే స్థాయికి) చేరడానికి ఫుల్ లోడులో 40 గంటలు పడుతుంది. అక్కడ నిలబెట్టడానికి గంటకు 5 క్యూబిక్ మీటర్లు వదలాలి. ఆవిరిని, సైకిల్స్‌లో ఒకటి తీసేసిన అంకెతో భాగించడమే సూత్రం.

చాలా చోట్ల ఇన్‌హిబిటర్ పంపు బ్లోడౌన్‌తో ముడిపడి ఉంటుంది. బ్లోడౌన్ మూసి ఉన్న ఆ 40 గంటలూ మందు ఒక్క చుక్క కూడా పడదు. మొదటి డోసును మొత్తం నీటి పరిమాణాన్ని బట్టి చేత్తో వేయండి.

లెజియోనెల్లా టెస్ట్‌కు శాంపిల్ ఎప్పుడు తీయాలి?

వ్యవస్థ మామూలు ట్రీట్‌మెంట్‌లో రెండు మూడు రోజులు స్థిరంగా నడిచాక, బయోసైడ్ డోసు పడటానికి ముందు. బయోసైడ్ వేసిన వెంటనే తీస్తే రిపోర్టు అందంగా వస్తుంది, ఉపయోగం ఉండదు. సీసాలో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే శాంపిల్‌లోని క్లోరిన్ దారిలోనే క్రిములను చంపేస్తుంది. కల్చర్ (బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఫలితానికి పది రోజుల వరకు పడుతుంది, ఈలోగా డిప్ స్లైడ్‌తో (నీటిలో ముంచి చూసే పరీక్ష పట్టీతో) మొత్తం బాక్టీరియా చూస్తూ ఉండండి. బ్రిటన్ మార్గదర్శకాల్లో మొత్తం బాక్టీరియా మిల్లీలీటరుకు 10,000 కాలనీలు, లెజియోనెల్లా లీటరుకు 100 కాలనీలు దాటితే చర్య మొదలుపెట్టాలి.

టవర్ కడిగిన మనిషికి వారం తర్వాత జ్వరం, దగ్గు వచ్చాయి. సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. లెజియోనెల్లా జబ్బు సాధారణంగా 2 నుంచి 14 రోజుల లోపు బయటపడుతుంది. వెంటనే డాక్టరు దగ్గరకు పంపి, కూలింగ్ టవర్ పని చేశాడన్న మాట తప్పకుండా చెప్పించండి. చెప్పకపోతే మామూలు న్యుమోనియా అనుకుని ఈ బాక్టీరియా మీద పనిచేయని యాంటీబయాటిక్ రాసే అవకాశం ఉంది. మూత్ర పరీక్షలో ఎక్కువగా సీరోగ్రూప్ 1 (లెజియోనెల్లాలో ఒక రకం) మాత్రమే దొరుకుతుంది, నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. కఫం కల్చర్ కూడా చేయించమని అడగండి. అదే రోజు టవర్ శాంపిల్ తీసి పెట్టండి, క్లోరిన్ పెంచేది ఆ తర్వాతే.